అబ్బా వినని సీటీ

మా అబ్బాది మైక్‌సెట్ దుకాణం. షాదీలు, వలీమాలు, గణపతి మండపాలు, బతుకమ్మ, ఎలక్షన్ మీటింగులు, ఎవరు పిలిచినా పోయేటోడు. "ఆవాజ్‌కి మజ్‌హబ్ ఉండదు బేటా, కిరాయి ఉంటది" అని నవ్వేటోడు. నలభై ఏళ్లు హారన్‌ల పక్కన నిలబడి ఆయన కమాయించిన రొట్టెతోనే మేం ముగ్గురం పెరిగినం.

ఆయన హునర్ అంతా చెవుల్లోనే ఉండేది. ప్రోగ్రామ్‌కి ముందు మైక్‌ని మెల్లమెల్లగ పెంచుకుంట పోయేటోడు. ఎక్కడో ఒకకాడ సీటీ మొదలయితది. స్పీకర్‌లకెల్లి వచ్చిన ఆవాజ్ మళ్లా మైక్‌ల దూరి, తిరిగి స్పీకర్‌లకి పోయి, అట్ల చక్కర్లు కొడితే పుట్టే కూత అది. అది ఏ సురుల ఉందో విని, మిక్సర్ మీద సరిగ్గ ఆ నాబ్‌నే తగ్గించేటోడు. మీటర్ లేదు, గ్రాఫ్ లేదు. చెవి చెప్పేది, చెయ్యి చేసేది.

మూడేళ్ల కింద నేను జిద్దు చేసి సెకండ్ హ్యాండ్‌ల డిజిటల్ మిక్సర్ కొన్న. బెహ్రింజర్ ఎక్స్ 32. 2012ల వచ్చిన మోడల్. 32 మైక్ ఇన్‌పుట్‌లు ఉంటయి, ఫేడర్లు మాత్రం 25. బటన్ నొక్కితే అవే ఫేడర్లు వేరే చానళ్ల పని చేస్తయి. లోపల మోటార్లు ఉంటయి కాబట్టి వాటంతట అవే జరిగి, ఆ చానల్ లెవల్ కాడ ఆగుతయి. మొదటిరోజు అవి సర్రున లేవంగనే అబ్బా చెయ్యి వెనక్కి గుంజుకున్నడు. "యా అల్లా, దీంట్ల జిన్ ఉందిరా!"

ఫాయిదాలన్నీ చెప్పిన. స్టేజీ నుంచి చెయ్యంత లావు కేబుల్ మోసుడు లేదు, స్టేజ్ బాక్స్ పెడితే ఒక్క నెట్‌వర్క్ వైరు చాలు. ప్రతి చానల్‌కి సొంత ఈక్యూ, సొంత కంప్రెసర్. ఇయ్యాల చేసిన సెట్టింగ్ మొత్తం ఒక సీన్‌గ దాచిపెడితే, రేపు ఒక్క నొక్కుడుకి తిరిగొస్తది. అబ్బా అంతా విని, "పాత మిక్సర్‌ల అన్నీ కళ్లముందు ఉంటయి. దీంట్ల సగం పర్దా వెనక ఉన్నయి. నాకు ఏతెబార్ లేదు" అన్నడు.

అయినా పోయినేడు మా దర్గా ఉర్సుల ఖవ్వాలీకి మిక్సర్ ముందు ఆయన్నే కూసోబెట్టిన. అది ఆయన హక్. ఖవ్వాల్, ఇద్దరు హంనవాలు, రెండు హార్మోనియాలు, తబలా, ఢోలక్, వెనక తాళీలు కొట్టేటోళ్లు. పది మైకులు ఒక్కసారే తెరిచి ఉన్నయి. ఖవ్వాల్ పైకి ఎత్తుకునేసరికి సన్నగ సీటీ లేసింది. ముందు వరసల పిల్లలు చెవులు మూసుకున్నరు. ఖవ్వాల్ పాడుకుంటనే మా దిక్కు చూసిండు.

అబ్బా ఇత్మినాన్‌గ కూసున్నడు. తల ఊపుకుంట వింటున్నడు.

నేను స్క్రీన్ చూసిన. ఈక్యూ గీత వెనక కదిలే గ్రాఫ్‌ల 4 కిలోహెర్ట్జ్ కాడ ఒక్క కడ్డీ నిలబడి ఉంది. వంగి, ఆ జాగాలనే సన్నగ ఆరు డెసిబెల్స్ కోసిన. సీటీ ఆగింది. అబ్బా నా చెయ్యి చూసిండు. స్క్రీన్ చూసిండు. చెవుల మీదకెల్లి చేతులు తీస్తున్న పిల్లల్ని చూసిండు. ఏమీ అడగలే. లేచి, కుర్సీ నా దిక్కు జరిపిండు.

ఇంటికొచ్చేదాంక ట్రాలీ ఆటోల ఒక్క మాట లేదు.

చెవుల డాక్టర్ కాడికి తీస్కపోవాలంటే అమ్మీ కసమ్ పెట్టాల్సి వచ్చింది. చప్పుడు రాని చిన్న గదిల కూసోబెట్టి పరీక్ష చేసి కాయితం ఇచ్చిన్రు. గీత కొంత దూరం బాగనే పోయి, 4,000 హెర్ట్జ్ కాడ గుంతల పడ్డది. పెద్ద మోతల పనిచేసేటోళ్లకి ఎక్కువగ మొదలు పోయేది అక్కడేనట. లోపలి చెవిల సన్న వెంట్రుకల కణాలు ఒకసారి పోతే మళ్లా మొలవవట.

అబ్బా ఆ కాయితం దుకాణంకి తెచ్చి మిక్సర్ స్క్రీన్ పక్కన పెట్టిండు. రెండింట్లనూ అడ్డంగ హెర్ట్జ్, నిలువుగ డెసిబెల్. "దేఖ్, నా చెవికి ఎవడో ఈక్యూ పెట్టిండు. 4 కే కాడ కోసిండు" అని నవ్విండు. కొంచెం సేపయినంక మెల్లగ అడిగిండు: "పాత సీన్ తిరిగి రాదా?"

నాకు జవాబ్ దొరకలే.

ఇప్పుడు ఆయన మళ్లా మిక్సర్ ముందు కూసుంటున్నడు. ఢోలక్ గుమ్ము, హార్మోనియం, గొంతుల దర్ద్, అవి చెవితోనే. వాటిల్ల ఇప్పటికీ నాకంటే ఉస్తాదే. 3 కిలోహెర్ట్జ్ దాటితే మాత్రం కళ్లతోని. ఏతెబార్ లేదన్న ఆ మిషన్‌నే ఇప్పుడు గవాహీ అడుగుతడు.

దుకాణం దర్వాజా కాడ ఇయర్‌ప్లగ్గుల డబ్బా పెట్టిండు. 85 డెసిబెల్స్‌ల ఎనిమిది గంటలుండొచ్చంట. ప్రతి మూడు డెసిబెల్స్‌కి టైము సగమయితది. ఆ హిసాబ్‌ల 100 కాడ పావుగంటే. బరాత్‌ల మా పోరగాళ్లు స్పీకర్ పక్కన మూడు గంటలుంటరు. ప్లగ్గులు పెట్టుకోనోడికి ఆరోజు కూలీ లేదన్నడు.

నేనూ పదిహేనేళ్ల నుంచి ఈ పనిలనే ఉన్న. నా కాయితం ఇంకా తీపిచ్చుకోలే. ఉర్సు రాత్రి యాదికొచ్చినప్పుడల్లా ఒక్కటే సవాల్: ఆ సీటీని నేను మొదలు విన్ననా, లేకుంటే పిల్లలు చెవులు మూసుకున్నంకనే స్క్రీన్ దిక్కు చూసిన్నా?

సోమవారం డాక్టర్ టైమిచ్చిండు. అబ్బా కూడ వస్తనన్నడు. దువా చేయుండ్రి.