వేళ్లు బిగిసిన పూట

కీళ్లవాతం నడకను దెబ్బతీస్తుందంటారు. నాకు మాటకే అడ్డం పడింది. పుట్టుకతో వినపడని నాకు చేతులే నోరు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటే మాట ముద్దముద్దగా వస్తుంది. అమెరికన్ సైగభాషలో అక్షరాలకు ఒక చెయ్యి చాలు. మన భారతీయ సైగభాషలో చాలా అక్షరాలకు రెండూ కావాలి. అందుకే పేర్లను అక్షరాలుగా చెప్పడం మానేసి, ఎవరి సైగపేరుతో వాళ్లను పిలుస్తాను. చూపుడువేలు చాపలేక గుప్పిటతోనే చూపిస్తాను. అవునా, కాదా అని అడగడానికి మాత్రం కనుబొమ్మలు ఎత్తాలి. వాటికింకా వాతం రాలేదు!

1960లో భాషావేత్త విలియం స్టోకీ సైగను చేతి ఆకారం, చోటు, కదలికలుగా విడదీసి చూపించాడు. నాకు మొదటిదే అరిగింది. మిగతా రెండింటితో మా ఆవిడకు అంతా అర్థమవుతుంది. కొత్తవాళ్లే మళ్లీ చెప్పమంటారు. డాక్టరుగారు మణికట్టుకు పట్టీ వేసి, చేతులకు విశ్రాంతి ఇవ్వమన్నారు. అంటే నోరు మూసుకోమనేగా?