మియాపూరులో ఎక్కి, ఎల్బీనగరులో దిగి

మొన్న దసరా సెలవులలో నేను హైదరాబాదు వెళ్ళింది మెట్రో బండి ఎక్కడానికి కాదు. మా చిన్నాయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకు రావడానికి.

మా రాచర్లలో తాతగారు కట్టించిన మిద్దె ఒకటి ఉన్నది. సున్నం రాలిపోయి, వానకు రెండు చోట్ల కారుతూ, నాలుగేళ్ళుగా తాళం వేసి ఉన్నది. కొనడానికి గిద్దలూరు నుంచి ఒక ఆసామి వచ్చాడు. సగం నాది, సగం చిన్నాయనది. ఆయనకు ఎనభై దాటినవి. మియాపూరులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. సరే, కాగితం సంచిలో పెట్టుకుని, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు రోడ్డు బస్సెక్కాను.

చిన్నాయన సంగతి కొంచెం చెప్పాలి. ఆయన రైలు పట్టాల మీద కీమ్యాన్‌గా చేశాడు. నా చిన్నతనంలో మా గిద్దలూరు లైను మీటరు గేజి. దిగువమెట్ట దాటి నల్లమలలోకి దూరితే గాజులపల్లె దాకా అడవే. నడుమ బొగద సొరంగం, దొరబావి లోయ మీద 1880లలో దొరలు కట్టిన ఎత్తయిన వంతెన. ఆ వంతెన మీదికి వచ్చేసరికి బండి నిండు గర్భిణి లాగా నడిచేది. పిల్లలం కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూసి, గుండె జారి, మళ్ళీ చూసేవాళ్ళం. ఆ వంతెన మీద చిన్నాయన సుత్తి భుజాన వేసుకుని, వదులైన కీలు బిగిస్తూ పగలల్లా నడిచేవాడు. 1990లలో బ్రాడుగేజి వచ్చింది; దారి మార్చి కొత్త సొరంగం తవ్వారు. దొరబావి మీద ఇప్పుడు బండ్లు లేవు, స్తంభాలు మాత్రం అడవిలో నిలబడి ఉన్నవి.

మియాపూరులో భోజనాలయినాక కాగితం తీశాను. చిన్నాయన కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

“ఆడబిడ్డ ఉంది గదరా. దాన్ని అడక్కుండా నేనెట్ల పెడతా?” అన్నాడు.

చెల్లెలి కాపురం ఎల్బీనగరులో. ఫోను చేద్దామంటే ఒప్పుకోలేదు. “ఇంటి మాట ఫోనులోనా?” అన్నాడు. పోనీ వెళ్ళివద్దామంటే అదీ ఒప్పుకోలేదు. విచారిస్తే తెలిసిందేమంటే, ఈయన కూతురింటికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. బస్సులో నిలబడలేడు, కారులో కడుపు తిప్పుతుంది. ఇంటికి కూతవేటు దూరంలో మెట్రో స్టేషను ఉన్నది. నేరుగా కూతురి ఊరిదాకా బండి ఉన్నది. కాని ఎక్కడు! ఎత్తంటే భయమా అనుకుందామంటే దొరబావి మీద నడిచిన మనిషి.

“భయం కాదురా. ఆరేండ్లుగా ఈ బాల్కనీలో కూచోని చూస్తాన్నా. ఆ పట్టాల మీద ఒక్క మనిషి నడవంగా చూళ్ళేదు. కీలు చూసేటోడు లేడు, జెండా పట్టుకున్నోడు లేడు. పట్టా చూడకుండా బండి తోల్తారా?” అన్నాడు.

మా తమ్ముడు విసుక్కున్నాడు గాని, నాకు ఆ ప్రశ్న నచ్చింది. అర్థరాత్రి బండ్లు ఆగిపోయిన తర్వాత మనుషులు ఎక్కి పట్టాలు చూస్తారనీ, మనం నిద్రపోయే వేళ వాళ్ళ డ్యూటీ అనీ చెప్పాను. చిన్నాయన కాసేపు ఆలోచించి, “రేత్రిపూటనా? బ్యాటరీ లైట్లేసుకోని?” అని అడిగి, పొద్దున్నే తలపాగా చుట్టుకుని తయారైనాడు.

కదిలే మెట్లు ఎక్కనన్నాడు. లిఫ్టులో వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద పచ్చగీత దాటి, తల వంచి, పట్టాల వంక చూడబోయాడు. వెంటనే విజిలు! కాపలా కుర్రవాడు పరుగున వచ్చి, “తాతా, వెనక్కి రండి” అన్నాడు. చిన్నాయన వెనక్కి వచ్చాడు గాని, చూడవలసింది అప్పటికే చూసేశాడు.

“కంకర లేదురా! స్లీపర్లు లేవు! సిమెంటు దిమ్మె మీదనే పట్టా బిగించినారు. అతుకు గూడా కనపడ్ల్యా.”

నిజమే. యీ లైనుకు కంకర పరుపు ఉండదు. పట్టాలను కాంక్రీటు దిమ్మెల మీదనే బిగిస్తారు. అతుకులు కరిగించి కలిపేస్తారు. అందుకే మన బండ్లలో వినిపించే టకటక ఇక్కడ వినపడదు. వెడల్పు కూడా వేరు. మా పాత గిద్దలూరు లైను వెయ్యి మిల్లీమీటర్లు, ఇప్పటి బ్రాడుగేజి 1676, యీ మెట్రో నడుమ రకం, 1435. “మూడో రకం గూడా చూసినా” అని చిన్నాయన తృప్తిపడ్డాడు.

మూడు పెట్టెల బండి, కొరియా దేశంలో తయారైంది. ఒక కాలేజీ పిల్ల లేచి ఆయనకు చోటిచ్చింది. కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ మూడంతస్తుల మేడల కిటికీల ఎత్తున జరిగిపోతున్నవి. ఒకరి ఇంట్లో ఆరవేసిన చీరలు, మరొకరి మేడ మీద కాకరపాదు. వీధిలో నడిచేటప్పుడు హైదరాబాదు ముఖం చూస్తాం. యీ బండిలో దాని పెరడు చూస్తాం.

“స్తంభాలు నడిరోడ్లో ఎట్ల నిలబెట్టినారు? అంతకాలం రోడ్డు మూసినారా?” అని అడిగాడు చిన్నాయన.

పూర్తిగా మూయలేదు. రోడ్డు నడుమ అడ్డురేకులు కట్టి పునాదులు తవ్వి, స్తంభాలు పోశారు. పైన వంతెనను అక్కడికక్కడ పోయలేదు. ఉప్పలు, కుత్బుల్లాపూరు దగ్గర పెద్ద మైదానాలలో ముక్కలు ముక్కలుగా పోతపోసి, రాత్రివేళ లారీల మీద తెచ్చి, స్తంభాల మీద కూర్చున్న పెద్ద ఇనుప యంత్రంతో ఎత్తి, పూసలు గుచ్చినట్టు వరుసగా చేర్చి, లోపల ఉక్కు తీగలు దూర్చి బిగించారు. ఉక్కుతీగ బిగింపు మీదనే ముక్కలన్నీ ఒక్కటిగా నిలుస్తవి. “అంటే అదీ కీ బిగించినట్టే” అన్నాడు చిన్నాయన. ఇంజనీర్లు ఒప్పుకుంటారో లేదో గాని నేను ఒప్పుకున్నాను.

ఆ పనులు సాగిన ఏళ్ళలో యీ రోడ్డున బస్సులో పోయిన వాడెవడూ మరచిపోడు. నేను ఒకసారి పంజాగుట్ట దాటేలోపల ఒక పరీక్షకట్ట సగం దిద్దేశాను. పిల్లలకు మార్కులు కొంచెం తక్కువే పడి ఉంటవి.

అసలు యీ బండి కథ మలుపుల విషయంలో మన వారపత్రికల సీరియళ్ళకు తీసిపోదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మేటాస్ సంస్థ కూటమికి పని అప్పగించింది. సర్కారు సొమ్ము అక్కరలేదు, మేమే సర్కారుకు ఎదురిస్తామన్నారు వాళ్ళు. ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ గారు ఇది మంచి పద్ధతి కాదని అప్పుడే ఢిల్లీకి ఉత్తరం రాశారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడింది. ఆ ఏడే మెట్రో ఒప్పందమూ రద్దయింది. ఇంగ్లీషు అక్షరాలలో ‘సత్యం’ తిరగరాస్తే ‘మేటాస్’ అవుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఇంతకన్న మంచి శ్లేష ఎక్కడ దొరుకుతుంది!

తర్వాత 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందమైంది. 2012లో పని మొదలైంది. 2014లో రాష్ట్రం రెండయింది. అసెంబ్లీ ఎదుట ఇలా పోవాలా, అలా పోవాలా అని కొంతకాలం వాదం నడిచింది. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ మియాపూరులో ప్రారంభించారు. మొదట నాగోలు నుంచి మియాపూరు దాకా 30 కిలోమీటర్లు. కనీస చార్జీ 10 రూపాయలు, గరిష్ఠం 60. ఆ చార్జీలు 2025లో పెరిగినవి. అమీర్‌పేట నుంచి ఎల్బీనగరు ముక్క 2018 సెప్టెంబరులో, జూబ్లీ బస్‌స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషను ముక్క 2020 ఫిబ్రవరిలో తెరిచారు. మొత్తం 69 కిలోమీటర్లు అయింది. పాతబస్తీ ముక్క మాత్రం అప్పటికి మిగిలిపోయింది.

మూసీ దాటేటప్పుడు చిన్నాయన లేచి నిలబడ్డాడు. అద్దానికి ముఖం ఆనించి కిందికి చూశాడు.

“దొరబావంత లేదులే” అన్నాడు. మలక్‌పేట వచ్చిందాకా కూర్చోలేదు.

మియాపూరు నుంచి ఎల్బీనగరుకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. గంట పట్టలేదు. చెల్లెలు మెట్ల కింద నిలబడి ఉన్నది. తండ్రిని చూసి పలకరించలేదు, ముందు కొట్లాటకు దిగింది. “రెండేండ్లు! ఇంత దగ్గరుండి!” అని కళ్ళు తుడుచుకున్నది. ఈయన నేరస్థుడిలాగా నావైపు చూశాడు.

కాఫీలు తాగినాక చెల్లెలి చేతికి కాగితం ఇచ్చాను. చదివి, మడిచి, నా ముందు పెట్టింది.

“నీ సగం నీ ఇష్టం అన్నా. నాకు వాటా అక్కరలేదు, రాసిమ్మన్నా రాసిస్తా. ఒక్క మాట చెప్పు. నెమలిగుండ్ల సామి కాడికి నాయన శనివారం పోవాలంటే, ముందురోజు రాచర్లలో ఏ ఇంట్లో దిగుతాడు?”

గిద్దలూరులో మా ఇల్లు లేదా అనబోయాను. అనలేదు. మా చిన్నాయన పరాయి గడపలో పడుకోడని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

చిన్నాయన కలం తీసుకున్నాడు. సంతకం పెడతాడేమో అనుకున్నాను. మూత పెట్టి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“దూలాలు చెడిపోయినాయని ఎవురు చెప్పినారు నీకు?”

“ఆ ఆసామి అన్నాడు.”

“నువ్వు తట్టి చూసినావా?”

చూడలేదు. నేను కిందనుంచి చూసి వచ్చినవాణ్ణి.

“సంక్రాంతికి వస్తా. సుత్తి తీసుకోనొస్తా. పొల్లు మోత మోగితే అమ్ముదాం” అన్నాడు.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున బండిలో నేను మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గర దిగాను. ఇంటిదాకా దింపుతానంటే చిన్నాయన ఒప్పుకోలేదు; తలుపులు మూసుకుంటుంటే చెయ్యి ఊపి, అప్పుడే పక్క సీటు అతనికి పట్టాల సంగతి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను కిందికి దిగి దోర్నాల బస్సు వెతుక్కున్నాను. ఘాటు ఎక్కేటప్పుడు సంచిలోంచి కాగితం తీసి చూసుకున్నాను. గిద్దలూరు ఆసామికి ఏం చెప్పాలో దోర్నాల దాటేవరకూ తోచలేదు.