ఆల్టెనా దారిలో

తెలుగు కావ్యాలు చదువుకొన్నవారికి ప్రయాణంలో ఎదురయ్యే ఇక్కట్లు కొత్తవి కావు. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు ఆ లేపం కరిగిపోగా ఇల్లు చేరే దారి కానక తల్లడిల్లాడు. ప్రవరుని నిగ్రహాన్ని గురించి వ్యాఖ్యానించినవారు ఎందరో ఉన్నారు. తెలియని చోట ఒంటరిగా చిక్కుకొన్న ఆ గృహస్థు దిగులును గురించి మాట్లాడినవారు తక్కువ. నా మనసుకు పట్టింది మాత్రం ఆ దిగులే.

2023 వేసవిలో వీపున సంచి తగిలించుకొని ఐరోపాలో ఇరవై రోజులు తిరిగాను. ఆ ఖండానికి వెలుపల నివసించేవారి కోసం 1959లో ప్రారంభమైన యూరెయిల్ పాసు చేతిలో ఉంటే దేశం నుంచి దేశానికి రైళ్ళలో సాగిపోవచ్చు. బస యూత్ హాస్టళ్ళలో. గదికి ఆరో ఎనిమిదో మంచాలు, ఒకదానిపై ఒకటి. అందరికీ కలిపి ఒక వంటగది. మిత్రులు దొరికేది ఆ వంటగదిలోనే. కొలోన్ నగరంలో ఒక రాత్రి అన్నం వండుకొని, నెయ్యి దొరకక వెన్నతోనే కందిపొడి కలుపుతుండగా పక్క పొయ్యి దగ్గరి ఇద్దరు ఆ వాసనకు తలలు తిప్పారు. ఒకరు పోలండు దేశపు విశ్రాంత నర్సు, అరవై దాటినామె. మరొకరు పోర్చుగల్ నుంచి వచ్చిన విద్యార్థి. చెరొక ముద్ద పెట్టాను. ఆ కుర్రవాడు కారానికి కన్నీరు తుడుచుకొంటూనే రెండో ముద్ద అడిగాడు. మరునాడు సాయంకాలం ముగ్గురం కలిసి ఆల్టెనాకు బయలుదేరాం.

ఆల్టెనా జర్మనీ పశ్చిమ భాగంలో, లెన్నె నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. అక్కడి కొండమీది కోటలోనే ప్రపంచంలోని తొలి యూత్ హాస్టల్ వెలసింది. దానిని నెలకొల్పిన రిచర్డ్ షిర్మన్ ఒక బడిపంతులు. 1909 ఆగస్టులో ఆయన తన విద్యార్థులతో కాలినడకన వెళ్తుండగా గాలివాన ముంచుకొచ్చింది. ఒక పల్లెబడిలో తలదాచుకొన్నారు. పిల్లలు గడ్డిమీద నిద్రపోయారు. పంతులుగారికి నిద్ర పట్టలేదు. సెలవులలో ఖాళీగా ఉండే బడిగదులు ఊరూరా బాటసారి పిల్లలకు బసలు కాకూడదా అన్న ఆలోచన ఆ రాత్రే కలిగింది. 1912లో కోటలో హాస్టల్ తెరిచారు. మనకు సత్రాలు అంతకు ఎంతో ముందునుంచే ఉన్నాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి మజిలీ మజిలీకీ బస వసతులను ఎంత శ్రద్ధగా రాసిపెట్టారో 'కాశీయాత్ర చరిత్ర' చదివినవారికి తెలుసు. అయితే మన సత్రాలలో చాలావాటిలో కులాన్నిబట్టి చోటు దొరికేది. షిర్మన్ పంతులు ఆలోచనలో ఆ విచారణ లేదు.

కొలోన్ నుంచి వెళ్ళేవారు హాగెన్‌లో రైలు మారాలి. మేము హాగెన్ చేరకముందే మాకూ గాలివాన తగిలింది. పట్టాలమీద చెట్టు కూలి రైలు నడిదారిలో ఆగిపోయింది. బస్సులు వచ్చి మమ్మల్ని హాగెన్ చేర్చేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆల్టెనాకు ఇక రైలు లేదు. బస్సు కింది అరలోనుంచి సామాను దించుకొనే హడావుడిలో ఎవరో నా సంచిని తీసికొనిపోయారు. అచ్చం దానివంటి నల్లసంచి ఒకటి మిగిలింది. నా ఇన్సులిన్ ఆ పోయిన సంచిలో ఉన్నది. రాత్రివేళ ఆ మందు లేనిదే నాకు గడవదు.

కాళ్ళు వణికాయి. నర్సు నా మణికట్టు పట్టుకొని బల్లమీద కూర్చోబెట్టారు. "భయపడితే చక్కెర ఇంకా పెరుగుతుంది. నీళ్ళు తాగుతూ ఉండండి. తక్కిన సంగతి నేను చూస్తాను" అన్నారు. ప్రాణాపాయమైతే ఐరోపా సమాఖ్య దేశాలన్నింటా 112కు ఫోను చేస్తారు. అంతటి అపాయం కానప్పుడు, రాత్రివేళ వైద్యుని కోసం జర్మనీలో 116117 అనే వేరొక నెంబరు ఉంది. ఆమెకు జర్మన్ భాష వచ్చు. ఆ నెంబరుకు మాట్లాడి, ఆ రాత్రి పనిలో ఉన్న డాక్టరు దగ్గరకు నన్ను తీసికొనివెళ్ళారు. ఆయన రక్తం పరీక్షించి మందుచీటీ రాశారు. అక్కడి మందుల షాపులు వంతులవారీగా రాత్రి పనిచేస్తాయి. ఆనాటి వంతు ఎవరిదో మూసిన షాపుల తలుపులమీద రాసి ఉంటుంది. ఆ వివరం చూసుకొని, వానలో వీధులు వెతుక్కొంటూ వెళ్ళి, ఒక చిన్న కిటికీలోనుంచి మందు అందుకొనేసరికి ఒంటిగంట.

తిరిగి వచ్చేసరికి కుర్రవాడు స్టేషనులో మిగిలిన సంచికి కాపలాగా కూర్చుని ఉన్నాడు. దానిలోని చీటీమీద ఉన్న నెంబరు పట్టుకొని యజమానులతో మాట్లాడాడట. వారు బంధువుల కారులో కాసెల్ దారిన చాలా దూరం వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి తిరిగి వస్తామన్నారు. ఆ సంచిలో పసిబిడ్డ బట్టలు, చెవి నలిగిన గుడ్డ ఏనుగు ఒకటి ఉన్నాయి. "ఫోనులో ఆ పాప ఏడుపు వినిపించింది. ఏనుగు పక్కన లేనిదే నిద్రపోదట" అన్నాడు. మందు పడి నేను కుదుటపడ్డాక తెల్లవారేదాకా మేము మాట్లాడుకొన్నది ఎక్కువగా ఆ పాపను గురించే.

మరునాడు సంచులు మారాయి. ఏనుగును ఆ పాప ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ సాయంత్రమే ఆల్టెనా కోటకు వెళ్ళాం. తొలి హాస్టల్ గదులను ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. ఆనాటి చెక్కమంచాలను కుర్రవాడు తట్టి చూసి, తాను వీటిపై పట్టనన్నాడు. అతడు ఆరడుగుల మనిషి. కందిపొడి డబ్బాను నర్సు చేతిలో పెట్టి వచ్చాను. ఆ తరువాత రెండు సంక్రాంతులకూ పోలండుకు ఒకటి, పోర్చుగల్‌కు ఒకటి డబ్బాలు పంపాను. కారం తగ్గించమని ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు రాయలేదు.