అడయారు దారిలో ఒక తండ్రి

చెన్నై నగరపు దక్షిణ భాగాన, అడయారులో, 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 12 పడకలతో కాన్సర్ చికిత్సాలయాన్ని నెలకొల్పారు. 1923లో ఆమె చెల్లెలు ఈ వ్యాధికే బలి కావడం ఆ సంకల్పానికి మూలం. 1960లో అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగం ఏర్పడినది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తల్లిదండ్రులకు ఆ దారి నేటికీ పరిచితమే.

లుకేమియా అనే రక్తపు కాన్సర్ వచ్చిన బిడ్డతో అక్కడికి చేరిన తండ్రికి కాలం వారాల లెక్కన సాగదు. రక్తకణాల లెక్కన సాగుతుంది. ఒక నెల చికిత్స ముగిసేసరికి చాలామంది పిల్లలలో వ్యాధి సూక్ష్మదర్శినికి సైతం కనిపించకుండా పోతుంది. బిడ్డ మళ్లీ నవ్వుతుంది, ఆకలి అంటుంది.

తండ్రికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఊరిలో పొలం పిలుస్తుంటుంది. చేతిలోని పైకం తరుగుతుంటుంది. ఆడుకుంటున్న బిడ్డకు ఇంకా ఈ మందులెందుకన్న శంక మనసును తొలుస్తుంది. కాని దృష్టికి అందని కణాలు కొన్ని ఒంటిలో మిగిలే ఉంటాయి. అందువల్లనే చికిత్స 2 నుండి 3 సంవత్సరాలు సాగుతుంది. నడుమ మానివేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం మెండు.

ఈ సంగతి గ్రహించిన తండ్రి బిడ్డతో ఊరికి బయలుదేరే రోజుననే, మరల అడయారు రావడానికి రైలు టిక్కెట్టు కొని జేబులో భద్రపరచుకుంటాడు.