మేమా? మనమా?

2003 అక్టోబరులో అమెరికాలో ‘కాస్టింగ్ క్రౌన్స్’ అనే క్రైస్తవ సాఫ్ట్ రాక్ బృందం తన పేరుతోనే మొదటి ఆల్బమ్ తెచ్చింది. అప్పటికి మాలో చాలామందిమి ఇంకా ఉయ్యాల దిగలేదు. అందులో ఉన్నవి పది పాటలు. ఈ హాస్టల్లో చదివి వెళ్లిన ఒక అన్న వదిలిపోయిన పెన్‌డ్రైవ్‌లో ఆ పదీ మాకు దొరికాయి. మా గదిలో నలుగురం. ఇద్దరు చర్చికి వెళ్తారు, ఒకరు గుడికి వెళ్తారు, ఒకరు ఎక్కడికీ వెళ్లరు. అయినా నలుగురికీ నచ్చిన పాట ఒక్కటే. ఎందుకు నచ్చిందో మన వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ముందు ఆ బృందం గురించి చెప్పాలి. 1999లో ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనా బీచ్‌లో, ఒక చర్చి యువజన కూటంలో పాడుకోవడానికి వీళ్లు కలిశారు. నాయకుడు మార్క్ హాల్ ఆ కూటానికి పాస్టర్. తర్వాత జార్జియా రాష్ట్రంలోని మెక్‌డొనా అనే ఊరికి మారారు. మొదటి ఆల్బమ్ నాటికి మొత్తం ఏడుగురు. గిటార్లు, పియానో, డ్రమ్స్‌తో పాటు వయొలిన్ కూడా ఉంటుంది. పాట మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలై పోనుపోను ఉప్పొంగుతుంది. బృందం పేరు బైబిల్ చివరి గ్రంథమైన ప్రకటన నుంచి వచ్చింది. అక్కడ పెద్దలు తమ కిరీటాలు తీసి దేవుని సింహాసనం ముందు వేస్తారు.

పేరు తెచ్చుకుందామని వీళ్లు బయలుదేరలేదు. తమ పిల్లల కోసం సొంతంగా చేసుకున్న సీడీ చేతులు మారి ‘సాయర్ బ్రౌన్’ అనే కంట్రీ సంగీత బృందం గాయకుడు మార్క్ మిల్లర్ దగ్గరికి చేరింది. ఆయన ద్వారా అప్పటికే ప్రసిద్ధుడైన స్టీవెన్ కర్టిస్ చాప్‌మన్ విన్నారు. ఆ ఇద్దరూ కలిసి ఈ ఆల్బమ్‌ను నిర్మించారు. అది అమెరికాలో ప్లాటినం గుర్తింపు పొందింది. పది లక్షల ప్రతులకు గాని ఆ గుర్తింపు రాదు. అంత పేరొచ్చాక కూడా వాళ్లు చర్చి పని మానలేదు. వారంలో కొన్ని రోజులే కచేరీలు చేసి, ఆదివారం ఆరాధనకూ బుధవారం విద్యార్థుల కూటానికీ తిరిగి వచ్చేసేవాళ్లు.

మార్క్ హాల్ గురించి తమ్ముళ్లకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆయనకు చిన్నప్పటి నుంచీ డిస్లెక్సియా. అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడమే కష్టమయ్యే ఇబ్బంది. ఆయనే ఈ విషయం సభల్లో దాచకుండా చెబుతారు. చదవడమే కష్టమైన మనిషి లక్షల మంది పాడుకునే పాటలు రాశారు. వెనక బెంచీ ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలిసి ఉంటుందని మా నమ్మకం. మాకు నచ్చిన పాట అలాంటి వెనక బెంచీ గురించే మరి.

ఆ పాట పేరు ‘ఇఫ్ వి ఆర్ ది బాడీ’. ఆల్బమ్ నుంచి మొదట రేడియోకు వెళ్లింది ఇదే. ఇందులో ఒక అమ్మాయి చర్చిలోకి వస్తుంది. ఎవరి కంటా పడకుండా జనంలో కలిసిపోవాలని చూస్తుంది. కానీ తనను చూసి నవ్విన నవ్వులు ఆమె చెవిన పడతాయి. మరోచోట దూరం నుంచి వచ్చిన బాటసారి ఒకడు వెనక వరసలో కూర్చుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ల చూపులు చూసి, ఇక్కడికన్నా రోడ్డే నయమనుకుంటాడు. ఇంతే కథ. ఆ తర్వాత అంతా ప్రశ్నలే.

పాట పేరులోని ‘శరీరం’ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలోని పోలిక. విశ్వాసులంతా ఒక్క శరీరం, ఒక్కొక్కరు ఒక్కొక్క అవయవం, కన్ను చేతిని అక్కర్లేదనడానికి వీల్లేదు అని పౌలు చెప్పాడు. అలాంటప్పుడు వచ్చినవాళ్ల వైపు ఆ చేతులు ఎందుకు చాపడం లేదని పాట అడుగుతుంది. అడిగేది బయటివాళ్లను కాదు, లోపల కూర్చుని పాడుతున్నవాళ్లనే. వేలు తమ వైపే చూపించుకున్న పాట ఇది. క్రైస్తవ రేడియోలో వినేవాళ్లు కూడా ఎక్కువగా ఆ లోపలివాళ్లే. వాళ్లకు నచ్చేది పాడదామనుకుంటే ఇది మొదటి పాటగా పెట్టేవాళ్లు కాదేమో.

ఒకరోజు ఆ పాట పేరును తెలుగులోకి మారుద్దామని కూర్చున్నాం. ‘మేము శరీరమైతే’ అని ఒకరన్నారు. కాదు, ‘మనం శరీరమైతే’ అనాలి అని ఇంకొకరు. ఇంగ్లీషులో ‘వి’ అంటే సరిపోతుంది, తెలుగులో అలా కుదరదు. ‘మేము’ అంటే ఎదుటివాడు బయట ఉన్నట్టు. ‘మనం’ అంటే వాడూ లోపలికి వచ్చినట్టు. రెండు రాత్రులు వాదించుకున్నా తేలలేదు. చివరికి ఎక్కడికీ వెళ్లని మిత్రుడే ఒక మాట చెప్పాడు. పాట మొదలయ్యేటప్పుడు లోపలివాళ్లు ‘మేము’ అనే అనుకుంటున్నారు, ఆ అమ్మాయిని కలుపుకుని ‘మనం’ అనగలిగిన రోజు ఈ పాట పాడే అవసరమే ఉండదు అన్నాడు. మాకు ఆ మాట నిజమనిపించింది.

మిత్రులారా, ఇదంతా అమెరికా చర్చి సంగతి, మనకెందుకు అనవచ్చు. జూన్ నెలలో మన హాస్టల్ గేటు దగ్గర నిలబడి చూడండి. ఆరో తరగతి పిల్లవాడు ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసు, దుప్పటి పట్టుకుని దిగుతాడు. వెంట వచ్చిన నాన్న ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చి ఉంటాడు. వాడి యాసకు ఎవరో నవ్వుతారు. భోజనాల వరసలో ఎవరో వెనక్కి నెడతారు. నెల తిరగకుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన పిల్లల్ని మేం చూశాం. బడి మానడమంటే వాళ్ల ఇంట్లో చదువు మళ్లీ ఒక తరం వెనక్కి పోవడమే. పాటలోని బాటసారి కనీసం రోడ్డు మీదికి వెళ్లాడు. వీళ్లు మిరప చేలోకో ఇటుక బట్టీకో వెళ్తారు.

ఉండిపోయినవాళ్లు ఎందుకు ఉండిపోయారో కూడా మాకు తెలుసు, ఎందుకంటే ఆ ఉండిపోయినవాళ్లం మేమే. మొదటి రాత్రి ఎవరో ఒక అన్న పేరు అడిగాడు. ఇంకొక అన్న తన చాప పక్కన చోటిచ్చాడు. మరొకరు పెట్టెకు తాళం వేయడం నేర్పారు. వాళ్లలో కొందరు ఈ సంచిక చదువుతూ ఉంటారు. అన్నలారా, మా ఇళ్లలో మొదటి డిగ్రీలు ఆ చాప మీద నుంచే మొదలయ్యాయి.

తమ్ముళ్లూ, వచ్చే జూన్‌లో మళ్లీ కొత్త పిల్లలు వస్తారు. వాళ్ల పేర్లు అడగండి. ఊరేదో అడగండి. భోజనాల వరసలో మీ ముందు నిలబెట్టుకోండి. హాస్టల్ గురించి వాళ్లకు చెప్పేటప్పుడు ‘మా హాస్టల్’ అనకండి. ‘మన హాస్టల్’ అనండి.