మా అత్తయ్య, పలాస పాసింజరు

ప్రయాణమంటే కొందరికి కాశీ, కొందరికి కాశ్మీరం. మా పెద్దత్తయ్యకు మాత్రం పలాస. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మా చిన్నత్తయ్య ఉంటుంది. అక్కచెల్లెళ్ళిద్దరి వయసులూ కలిపితే నూట అరవై పైమాటే. విజయనగరంలో మా ఇంటినుంచి పలాసకు పాసింజరులో ఒక పూట ప్రయాణం. ఆ పూట ప్రయాణానికి పెద్దత్తయ్య అయిదేళ్ళు కాచుకున్నది.

కారణం చెబుతాను. 2019 చలికాలంలో చిన్నత్తయ్య మనవరాలి పెళ్ళి. అప్పట్లో పెద్దత్తయ్య మరొక ఊళ్ళో మా అన్నయ్య దగ్గర ఉండేది. ఆ ఊరి పేరెందుకు లెండి. ఆవిడను తీసుకువెళ్ళడానికి నేను వెళ్ళాను. ఇద్దరం ఒకటో నంబరు ప్లాటుఫారం మీద సామాను చుట్టూ పెట్టుకుని కూర్చున్నాము. చివరి నిమిషంలో, బండి మూడో నంబరు మీదికి వస్తున్నదని మైకులో చెప్పారు. వంతెన మెట్లు సగం ఎక్కేసరికి అత్తయ్య మోకాళ్ళు మొరాయించాయి. నడిమెట్ల మీద చతికిలబడి, మా బండి మా కళ్ళముందే వెళ్ళిపోవటం చూశాము. బస్సెక్కితే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. పెళ్ళికి అందలేదు. "ఇక నేను రైలెక్కనురా అబ్బాయీ" అన్నది అత్తయ్య.

ఈ మాట మరొకరంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మా మామయ్య రైల్వేలో అసిస్టెంటు స్టేషను మాస్టరు. అత్తయ్య పదహారో ఏట కాపరానికి వచ్చిందే రైలు క్వార్టర్సుకు. అప్పటికే ఈ దారికి అరవై ఏళ్ళు దాటాయి. ఈస్టు కోస్టు స్టేట్ రైల్వే అనే పేరుతో బెజవాడ నుంచి కటకం వైపు 1893 నుంచి 1896 లోపల దీనిని వేశారు. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే వారి చేతికి వెళ్ళింది. 1952లో అది ఈస్టర్న్ రైల్వే అయింది. 1955లో సౌత్ ఈస్టర్న్ అయింది. 2003లో ఈస్టు కోస్టు రైల్వే అయింది. "బోర్డు మీద పేరు మారినప్పుడల్లా మీ మామయ్య మిఠాయి తెచ్చేవారు. నేను నీళ్ళు తోడే బావి మాత్రం అదే" అంటుంది అత్తయ్య.

సరే, 2020 మార్చిలో కరోనా వచ్చి దేశంలో పాసింజరు బళ్ళన్నీ నిలిచిపోయాయి. మళ్ళీ నడిచేనాటికి కనీసపు ఛార్జీ పది రూపాయల నుంచి ముప్పైకి ఎక్కి కూర్చున్నది. అది తిరిగి పదికి దిగినది 2024 ఫిబ్రవరి చివరిలో. ఈ నడుమ 2023 ఆగస్టు 6న దేశం మొత్తం మీద 508 స్టేషన్లను బాగుచేసే పనులకు ఒకేసారి శంకుస్థాపన జరిగింది. అమృత్ భారత్ స్టేషన్ల పథకమని దాని పేరు. ఆ 508లో మా విజయనగరమూ ఉంది, పలాసా ఉంది. వెడల్పాటి వంతెనలు, లిఫ్టులు, కదిలే మెట్లు, కొత్త నిరీక్షణ గదులు, స్టేషను ముందు విశాలమైన స్థలం వస్తాయని పేపరులో చదివి వినిపించాను. అత్తయ్య అంతా విని ఒకటే ప్రశ్న వేసింది:

"లిఫ్టు పెడతారని రాశారా? సరిగా చూడు."

"రాశారు అత్తయ్యా."

"అయితే బాగయ్యాక చెప్పు."

మూడు నెలలైనా తిరగలేదు. 2023 అక్టోబరు 29 రాత్రి, మా జిల్లాలోనే, కంటకాపల్లి, ఆలమండల మధ్య రాయగడ పాసింజరు ముందు వెళుతున్న పలాస పాసింజరును వెనుకనుంచి గుద్దింది. పదిమందికి పైగా పోయారు. వారంతా మా లైను మనుషులే. పొద్దున్న పనికి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేవారు, ఆస్పత్రికి వెళ్ళి వచ్చేవారు. మరునాడు అత్తయ్య పేపరు మడిచి పక్కన పెట్టేసింది. "మేడ ఎంత బాగా కట్టినా ముందు బండి క్షేమంగా రావాలిరా. మీ మామయ్య రాత్రి డ్యూటీలన్నీ దానికే కదా" అన్నది. ఆ తరువాత చాలాకాలం మా ఇంట్లో పలాస మాట రాలేదు.

2024 చివర చిన్నత్తయ్యకు జబ్బు చేసింది. తగ్గింది గాని మనిషి చిక్కిపోయిందని కబురు వచ్చింది. అత్తయ్య ఆ రాత్రి భోజనం దగ్గర, "పండుగలోపల పలాస వెళదాం. లిఫ్టు ఉన్నా సరే, లేకపోయినా సరే" అన్నది. 2025 జనవరిలో, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు బయలుదేరాము. అదే వారంలో, జనవరి 8న, విశాఖలో దక్షిణ కోస్తా రైల్వే అనే కొత్త జోను కార్యాలయానికి శంకుస్థాపన అయింది. "మళ్ళీ పేరు మారుస్తారన్నమాట. మిఠాయి తేవడానికి మామయ్య లేరు" అని నవ్వింది అత్తయ్య.

విజయనగరం స్టేషనులో పనులు సాగుతున్నాయి. రేకుల అడ్డుగోడలు, సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు. బండి మా అదృష్టం కొద్దీ మొదటి ప్లాటుఫారం మీదికే వచ్చింది. పండుగ రోజులు కదా, జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక కుర్రవాడు లేచి అత్తయ్యకు కిటికీ దగ్గర చోటిచ్చాడు. ఎదురుగా ఇద్దరు పిల్లలతో ఒక ఆమె, కాళ్ళ దగ్గర మూడు పెద్ద సంచులు.

"ఎక్కడికమ్మా?" అని పలకరించింది అత్తయ్య.

"కోటబొమ్మాళి దగ్గిర పల్లెండి మామ్మగారూ. అయిదరాబాదులో మేస్త్రీ పనికెల్లినాం. పండక్కొత్తన్నాం."

మా జిల్లాల నుంచి ఇలా హైదరాబాదుకూ, చెన్నపట్నానికీ, ఇంకా దూరాలకూ కట్టుబడి పనులకు వెళ్ళేవారు వేలమంది. నేను కొత్త స్టేషన్ల సంగతి కదిపాను. ఆమె కాసేపు ఆలోచించి అన్నది:

"బాగుంటాది బాబూ. మేము కట్టేవోళ్ళమే గదా, మాకు తెల్దా? గానీ మా బండి రేత్తిరి ఒంటిగంటకి దింపుతాది. తెల్లారే దాకా ఊరికి బస్సుండదు. పిల్లల్ని పడుకోబెట్టుకోడానికి జాగా ఉంచుతారా? అద్దాల గదిలోకి మమ్మల్ని రానిత్తారా?"

నా దగ్గర జవాబు లేదు. అత్తయ్య మాత్రం ఆమె పిల్లలకు చెరొక అరిసె ఇచ్చి, "ఇది నువ్వు రాసుకోరా" అన్నది నాతో.

నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాము. చీపురుపల్లి కూడా ఈ పథకపు జాబితాలో ఉంది. మా వైపు పెద్ద స్టేషన్లు చాలావరకు ఉన్నాయి లెండి. ఇచ్ఛాపురం, నౌపడ, శ్రీకాకుళం రోడ్డు, బొబ్బిలి, పార్వతీపురం, కొత్తవలస. చీపురుపల్లికీ ఆమదాలవలసకూ నడుమ ఒక చిన్న స్టేషనులో మామయ్య తొమ్మిదేళ్ళు పనిచేశారు. అది ఏ జాబితాలోనూ లేదు. ఒంటి లైను రోజుల్లో అక్కడ వెదురు వలయానికి కట్టిన తోలుసంచీలో టోకెను గోళీ పెట్టి, దడదడమంటూ వచ్చే ఇంజను డ్రైవరుకు చేతితో అందించేవారు. ఆ గోళీ చేతికి అందితే తప్ప డ్రైవరు ముందుకు పోకూడదు. ఒకే పట్టాల మీద రెండు బళ్ళు ఎదురుపడకుండా చేసిన ఏర్పాటు అది. వానలో, గాలిలో, చేతిలో లాంతరుతో మామయ్య నిలబడితే, వంటింటి కిటికీలోంచి అత్తయ్య ఆ లాంతరు వంక చూస్తూ ఉండేదట. లాంతరు ఇటు తిరిగితే అన్నం వడ్డించటం.

అక్కడ బండి ఒక్క నిమిషం ఆగింది. అత్తయ్య తలుపు దగ్గర నిలబడతానంటే పట్టుకుని తీసుకువెళ్ళాను. క్వార్టర్సు లేదు. బావి ఉంది, మీద ఇనుప వల. చింతచెట్టు ఉంది, కింద సిమెంటు బల్ల ఉంది. బల్ల మీద ఒక ముసలాయన తువ్వాలు పరచుకుని నిద్రపోతున్నాడు. అత్తయ్య ఆ బల్లనే చూసింది. బండి కదిలాక వచ్చి కూర్చుని, "పేరుకు తగ్గట్టు ఇక్కడ ఏమీ కట్టకపోయినా ఫరవాలేదు. ఈ బండి ఆపటం మానకపోతే చాలు" అన్నది.

పొందూరు వచ్చింది. సన్నఖద్దరుకు పేరుపడ్డ ఊరు. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. అంత నాజూకు పని. దూసి దాటగానే నాగావళి. వంతెన మీద పిల్లలు ఏట్లో చిల్లర విసరబోతే తల్లి చేయి పట్టుకున్నది.

ఆ తరువాత శ్రీకాకుళం రోడ్డు. ఈ 'రోడ్డు' అన్న తోక సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. మదనపల్లి రోడ్డు, మార్కాపురం రోడ్డు, మంత్రాలయం రోడ్డు, అన్నిటి అర్థమూ ఒకటే: ఊరు ఇక్కడ లేదు, ఇంకా ప్రయాణం ఉంది! ఇంగ్లీషు దొరల కాలంలో దీనిని చికాకోల్ రోడ్డు అనేవారు. స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం పదమూడు కిలోమీటర్లు. మా అక్క పెళ్ళికి మగపెళ్ళివారు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ దిగి, మేళం మోగించుకుంటూ నడక సాగించారు. "విడిది ఎంత దూరం?" అని దారిలో అడిగితే ఒక రైతు, "సీకాకులమా? తెల్లారేసరికి ఎల్తారు లెండి" అన్నాడట. వియ్యపురాలు ఆ మాట నేటికీ మరవలేదు.

నవ్వుకుంటాం గాని, ఇది మన ఊరి సంగతే కాదు. చైనాలో వేగపు రైళ్ళ కోసం ఈ ఇరవై ఏళ్ళలో కట్టిన పెద్ద స్టేషన్లు చాలావరకు నగరాల శివార్లలో, పొలాల నడుమ లేచాయి. కొన్నిచోట్ల ఊరు నడిచివచ్చి స్టేషనును చేరుకున్నది. కొన్నిచోట్ల ఇంకా రాలేదు. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న జిల్లా కేంద్రమైంది. అయినా ఊళ్ళోకి రైలు రాలేదు. కనుక ఇక్కడ స్టేషనును బాగుచేయటమంటే, రైలు దిగినవారిని ఏ వేళనైనా ఆ పదమూడు కిలోమీటర్లూ దాటించటం కూడాను.

వంశధార దాటాము. కోటబొమ్మాళిలో ఎదుటి ఆమె పిల్లలతో దిగింది. కిటికీ దగ్గరకు వచ్చి, "ఎల్లొత్తాను మామ్మగారూ" అని చేయి ఊపింది. తరువాత నౌపడ, ఉప్పుమడుల సీమ. పర్లాకిమిడి మహారాజు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కడినుంచే బయలుదేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. తరువాత గుణుపురం దాకా పెంచారు. దాని వేగం గురించి అత్తయ్యకు తెలిసిన హాస్యాలు చెబితే ఈ సంచిక చాలదు. 2004లో దానిని ఆపి పెద్ద లైను వేశారు. 2011 నాటికి మళ్ళీ గుణుపురం దాకా బళ్ళు నడిచాయి. స్టేషను బాగుపడటం అంటే ఇలా దారి కూడా బాగుపడటం అని అప్పుడనిపించింది.

పలాసలో దిగేసరికి మధ్యాహ్నం. మా బావ కొడుకు వచ్చి ఉంటాడనుకున్నాము. వాడు వచ్చాడు, కాని వాడి వెనుక బల్ల మీద చేతికర్ర పట్టుకుని చిన్నత్తయ్య కూర్చుని ఉన్నది! "రావద్దంటే వినలేదు మావయ్యా. పొద్దున్నే వచ్చి కూర్చుంది" అన్నాడు వాడు. పెద్దత్తయ్య మెల్లగా వెళ్ళి పక్కన కూర్చున్నది. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చిన్నత్తయ్య, "పెళ్ళికి రాలేదు" అన్నది. "మెట్లు" అన్నది పెద్దత్తయ్య. అంతే, అయిదేళ్ళ సంగతీ తేలిపోయింది.

ఆటో సిద్ధంగా ఉన్నా వారు లేవలేదు. ఇంటికి వెళితే పదిమంది ఉంటారు, ఇక్కడైతే ఇద్దరే అనుకున్నారో ఏమో. గంట సేపు ఆ బల్లమీదే కబుర్లు సాగాయి. ఎక్స్‌ప్రెస్ బళ్ళు వచ్చి పోయాయి. మేనల్లుడూ నేనూ జీడిపప్పు బేరం చేసుకుని వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నారు.

లేచేటప్పుడు పెద్దత్తయ్య నన్ను పిలిచింది. "ఒరేయ్, నువ్వు పత్రికలకు రాస్తావు కదా. మూడు సంగతులు రాయి. లిఫ్టు పెట్టి ఊరుకోవద్దు, అది రోజూ నడవాలి. ఆ కోటబొమ్మాళి పిల్ల లాంటివాళ్ళు రాత్రి దిగితే పడుకోడానికి చోటుండాలి. మూడోది, ఎన్ని మేడలు కట్టినా చెట్టు కింద బల్ల తీసేయకూడదు."

"బండి భద్రం సంగతి?" అన్నాను.

"అది అడిగి తీసుకునేది కాదురా. అది వాళ్ళ ఉద్యోగం" అన్నది మా స్టేషను మాస్టరు గారి భార్య.

ఆవిడ చెప్పినవన్నీ రాశాను.