హేమకుండ్‌కి ముందు ఒక రోజు

అలిపిరి మెట్లు రెండున్నర గంటల్లో ఎక్కేసేవాళ్లు మా నలుగురిలో ఇద్దరున్నారు. ఘాంఘరియా నుంచి హేమకుండ్‌కి 6 కిలోమీటర్లే అని చెబితే "అంతేనా?" అన్నారు. అంతే. కాకపోతే ఆ నడక మొదలయ్యే చోటే తిరుమల కొండకి దాదాపు మూడు రెట్ల ఎత్తు.

హేమకుండ్ అంటే ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, 4 వేల మీటర్లకు పైన, మంచు కరిగిన నీళ్లతో నిండే సరస్సు. ఒడ్డునే సిక్కుల గురుద్వారా, పక్కన లక్ష్మణుడి గుడి. ఎండాకాలం చివర్లో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. పైన రాత్రి బస లేదు. పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నం దిగిపోవాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటి రాత్రి రిషికేశ్. రెండో రాత్రి, రోజంతా ఘాట్ రోడ్డు మీద ఒళ్లు హూనం చేసుకుని జోషీమఠ్, దాదాపు 1,900 మీటర్లు. మర్నాడు గోవింద్‌ఘాట్, అక్కణ్నుంచి జీపులో పుల్నా, ఆపైన 10 కిలోమీటర్ల దాకా నడిస్తే ఘాంఘరియా. దాని ఎత్తు 3,050 మీటర్లు. అంటే హైదరాబాద్‌లో 500 చిల్లర మీటర్ల దగ్గర బతికే ఒళ్లు మూడో రాత్రికి అక్కడ పడుకుంటుంది. నాలుగో రోజు పొద్దున్నే ఇంకో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కమంటే?

పైన గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, అదే 21. తగ్గేది గాలి పీడనం. 4 వేల మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం చిల్లరే. దానికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు కావాలి. జిమ్, మెట్లు, ఆదివారం కేబీఆర్ పార్కు చుట్టూ పరుగు... ఇవన్నీ కాళ్లకి మంచివే. కానీ సర్వర్‌కి లోడ్ టెస్ట్ ముందే చేసుకున్నట్టు ఒంటికి ఎత్తు టెస్ట్ ఇక్కడ చేయలేం.

అందుకే మా ప్లాన్‌లో ఒక రోజు అదనంగా పెట్టాం. ముందు పూల లోయ, మర్నాడు హేమకుండ్. లోయ ఘాంఘరియా కంటే మరీ ఎత్తేం కాదు, తిరిగొచ్చి అదే గదిలో పడుకోవచ్చు. "లీవు వేస్టు, ముందు పెద్దది కొట్టేద్దాం" అని గొడవైంది. గొడవ పెట్టుకున్నది అలిపిరి ఫాస్టెస్ట్ వాడే. ఘాంఘరియాలో ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. "గ్యాస్ అనుకుంటా" అన్నాడు. తల పగిలిపోతున్నా చెప్పలేదు, చెబితే అందరి ట్రిప్పూ పాడవుతుందని. రాత్రి రెండింటికి వాంతి. మర్నాడు లోయకి రాలేదు, గదిలోనే పడుకున్నాడు. సాయంత్రానికి తేరుకుని రెండు రొట్టెలు తిన్నాడు.

ఆ రాత్రే రూలు పెట్టుకున్నాం. తలనొప్పో, వికారమో, కళ్లు తిరగడమో వస్తే దాచకూడదు. వచ్చినవాడు దిగాలి, ఒంటరిగా కాదు. తోడు ఎవరు దిగాలో అప్పుడే చీటీలు వేసుకున్నాం, పైన వాదనలు ఉండకూడదని. ఇక కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా ఆలోచించేదేం లేదు, వెంటనే కిందికే. డయామాక్స్ డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంది. పెరగదు.

మిగతావి తేలికే. అలవాటైన బూట్లు (కొత్తవి వద్దు బాబూ), గొడుగు కాకుండా పాంచో రెయిన్‌కోటు, పొరలుపొరలుగా బట్టలు, రెండు లీటర్ల నీళ్లు, చేతిలో క్యాష్. ఊతకర్ర గోవింద్‌ఘాట్‌లోనే దొరుకుతుంది.

తెల్లారి ఐదింటికి బయల్దేరాం. రాళ్లు పరిచిన దారే, కానీ ఎక్కడా చదును లేదు. మాట్లాడుతూ నడవగలిగితే స్పీడు సరిపోయినట్టు, మాట తెగితే ఆగాలి. సగం దాటాక వాడే ఆగి, "మొదలైందిరా" అన్నాడు. ఈసారి ఎవరూ అడగలేదు. చీటీ వచ్చినవాడు బ్యాగు సర్దుకుని వాడితో వెనక్కి తిరిగాడు, మారు మాట్లాడలేదు.

ఇద్దరం మిగిలాం. చివర్లో షార్ట్‌కట్ మెట్లున్నాయి, వెయ్యికి పైగా. మేం మెలికల దారే పట్టాం. ఆగస్టు కాబట్టి రాళ్ల మధ్య బ్రహ్మకమలాలు కనిపించాయి. మబ్బు విడిచినప్పుడల్లా సరస్సు ఆకుపచ్చగా, కప్పేస్తే బూడిద రంగులోకి. నీళ్లలో చెయ్యి పెడితే నాలుగు సెకన్లు ఉంచలేకపోయా. లంగరులో ఇచ్చిన వేడి కిచిడీ, టీ మాత్రం రెండుసార్లు తీసుకున్నాం.

ఒంటిగంటకి దిగడం మొదలుపెట్టాం. మోకాళ్లకి అసలు పరీక్ష అప్పుడే. నాలుగున్నరకి ఘాంఘరియా చేరేసరికి తలనొప్పి పోయిన మావాడు, చీటీ వచ్చినవాడు ఢాబాలో కూర్చుని ఆలూ పరాఠా రెండో ప్లేటు చెబుతున్నారు.